ముక్కలు వాళ్ళకి, పులుసు మనకి

బరువు తగ్గాలంటే కొవ్వున్న మాంసం తినాలా, కొవ్వు లేని మాంసం తినాలా? ఈ తగువు 2017, 18ల్లో వీరమాచనేని రామకృష్ణగారి డైట్ ఊరూరా పాకినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. పెళ్ళి పందిట్లో అదే, అపార్ట్‌మెంటు లిఫ్టులో అదే. ఒకావిడ "కొవ్వే కొవ్వుని కరిగిస్తుంది వదినా" అంటుంది. ఇంకొకావిడ చికెన్ బ్రెస్టు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టుకుని, మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నా మాట ముందే చెప్పేస్తాను. కొవ్వు లేని మాంసమే మేలు. కాకపోతే అది మన కంచంలో పడాలి కదా!

ముందు లెక్క చూద్దాం. కొవ్వులో గ్రాముకి 9 కేలరీలు, మాంసకృత్తుల్లో గ్రాముకి 4. పైగా మాంసకృత్తుల రూపంలో వంద కేలరీలు తింటే, వాటిని అరిగించుకోవడానికే ఒళ్ళు 20 నుంచి 30 ఖర్చు పెట్టేస్తుంది. కొవ్వుకైతే ఆ ఖర్చు మూడుకి మించదు. తోలు తీసిన చికెన్ బ్రెస్టు వండినది వంద గ్రాములు తింటే 165 కేలరీల్లో 31 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. అదే వంద గ్రాముల తెల్లన్నంలో 130 కేలరీలు ఉంటాయి కానీ మాంసకృత్తులు మూడు గ్రాములు కూడా ఉండవు. ఆకలి ఎక్కువసేపు ఆపేది ఏదో మళ్ళీ చెప్పక్కర్లేదు. (తెలుగు బియ్యే చదివినదాన్ని, ఊరుకోలేను: ప్రొటీన్‌కి మన పెద్దలు పెట్టిన పేరులోనే మాంసం ఉంది.)

"మరి కొవ్వు తిని పాతిక కిలోలు తగ్గినవాళ్ళు లేరా?" అంటారు. ఉన్నారు. కానీ వాళ్ళు కొవ్వు తినడమొక్కటే చేశారా? అన్నం మానేశారు, ఇడ్లీ దోసె మానేశారు, టీలో పంచదార మానేశారు, సాయంత్రం మిర్చిబజ్జీ మానేశారు. అన్నీ మానేసి, పేరు మాత్రం కొవ్వుకిచ్చారు. మనం చేసేదేమిటి? ఆ డైట్‌లో సగం మాటే పట్టుకుంటాం. కొవ్వు ముక్కలు వేయించుకుని బగారా అన్నంలో కలుపుకుంటాం, గారెలతో నంజుకుంటాం. రెండు డైట్లలోని చెడ్డ సగాలనీ కలిపి తింటే ఏ డైట్ ఏం చేస్తుంది?

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని ఏడాది పాటు చూశారు. సగం మందిని కొవ్వు తగ్గించమన్నారు, సగం మందిని పిండిపదార్థాలు తగ్గించమన్నారు. 2018లో ఫలితం వచ్చింది. వీళ్ళు సగటున 5.3 కిలోలు, వాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చూపించి "చూశావా, ఏది తిన్నా ఒకటే" అనేవాళ్ళున్నారు. ఒకటే కాదు తల్లీ. ఆ రెండు జట్లకీ పంచదార, మైదా బాగా తగ్గించి కూరగాయలు ఎక్కువ తినమని చెప్పారు. అసలు పని అక్కడ జరిగింది. అన్నం మానడం నా వల్ల కాదు, మీలో చాలామంది వల్లా కాదు. అన్నం తినే ఇంట్లో తగ్గించగలిగింది కొవ్వే.

ఇక నా అసలు కోపం. ఆదివారం కిలో మటన్ తెస్తారు. మెత్తటి ముక్కలు మావారికి, మామగారికి. పిల్లలకి నల్లి ఎముకలు. అత్తగారికి కాస్త కాలేయం. చివర్లో మనం కూర్చునేసరికి గిన్నెలో ఏముంటుంది? అడుగున నూనె తేలిన పులుసు, ఒక ఎముక, ఎవరూ తినకుండా పక్కకి తోసిన కొవ్వు ముక్క. "పారేయడం ఎందుకులే" అని దాన్నే అన్నంలో పిసుక్కుని తింటాం, పులుసు బాగుందని ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టుకుంటాం. ఆ నూనె టేబుల్‌స్పూన్‌కి 120 కేలరీలు. మాంసం తిన్నామన్న పేరు మనది, మాంసం వాళ్ళది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్న ఆడవాళ్ళు ఆంధ్రలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అదే సర్వేలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రలో 58.8, తెలంగాణలో 57.6 శాతం. ఒంటి మీద కొవ్వు, రక్తంలో ఇనుము లేకపోవడం, రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో. ఎర్రటి మాంసంలోని ఇనుము మన ఒంటికి తేలిగ్గా పడుతుంది. అది ఉండేది కండలో, కాలేయంలో. తెల్లటి కొవ్వులో కాదు. అంటే మనకి మిగిల్చే ముక్క మనకి ఏ రకంగానూ పనికొచ్చేది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పులుసుతో ఆ లెక్క తేలుతుందా, మీరే చెప్పండి.

కాబట్టి నేను చేసేది చెబుతాను. కొట్టు దగ్గర తూకం వేసేటప్పుడే "కొవ్వు తీసి తూయి బాబూ" అంటాను. మొహం చిట్లిస్తాడు, అయినా తీస్తాడు. చికెన్ స్కిన్‌లెస్సే తెస్తాం. నాటుకోడి తోలుతో కాల్చి పసుపు రాస్తేనే రుచి అంటారు, నిజమే, అందుకే అది పండక్కి. నూనె గిన్నెలోకి వంచను, చెంచాతో కొలుస్తాను. మటన్ కూర ముందు రోజు రాత్రే వండి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి పైన కొవ్వు తెల్లగా పేరుకుంటుంది. చెంచాతో ఎత్తి పారేస్తాను. వడ్డించే ముందు నాలుగు మెత్తటి ముక్కలు విడిగా నా గిన్నెలో తీసిపెట్టుకుంటాను. తర్వాతే గిన్నె బల్ల మీదకి వస్తుంది.

మొదటిసారి అత్తగారు చూసి "వండిన మనిషి ముందు తీసుకోవడం ఎక్కడైనా ఉందా?" అన్నారు. "మీక్కూడా రెండు తీశానత్తయ్యా" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. గిన్నె దగ్గరికి లాక్కున్నారు.