ముప్ఫై ఏళ్లు ఆగిన సీసా

బియ్యం పాతబడితే విలువ. చింతపండు పాతబడితే నలుపు. వైన్ సంగతి ఈ రెండింటికీ మధ్య! పాతదైతే చాలు అమృతమే అనుకుంటారు చాలామంది. నిజానికి బజార్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం కొద్దికాలంలోనే తాగేయాల్సినవి. దశాబ్దాలు నిలిచేవి కొన్నే. మంచి కాలిఫోర్నియా కాబెర్నే ఆ కొన్నింటిలో ఒకటి.

ఆ సంగతి తేలడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి, ఏ వైన్ ఎవరిదో చెప్పకుండా తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణులకు రుచి చూపించాడు. ఎర్ర వైన్లలో నాపా లోయకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 మొదట నిలిచింది. బోర్డో మహామహులు వెనకబడ్డాయి. కుర్రతనంలో మెరిసిందే గానీ వయసును తట్టుకోలేదులే అన్న వాదన వెంటనే బయల్దేరింది.

2006 మే 24న అవే ఎర్ర వైన్లను లండన్‌లోనూ నాపాలోనూ ఒకేరోజు మళ్లీ రుచి చూశారు. మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే! ఈసారి మొదటిది రిడ్జ్ మాంటె బెల్లో 1971. పారిస్‌లో దానిది అయిదో స్థానం. ఆ తోట కుపర్టినో పైనున్న కొండల్లో ఉంది. కింద ఊళ్లో మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు బోలెడు.

ఇంతకీ సీసాలో ఏం జరుగుతుంది? ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో టానిన్ ఉంటుంది. పచ్చి అరటికాయ కొరికితే నాలుక పట్టేస్తుందే, ఆ వగరు. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి, కొంత మడ్డిగా అడుగుకు దిగుతాయి. వగరు మెత్తబడుతుంది. ఊదా ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది. పండ్ల వాసన తగ్గి పొగాకు, దేవదారు చెక్క, తోలు వాసనలు పైకొస్తాయి. అయితే సీసాను చీకట్లో, 13 డిగ్రీల చల్లదనంలో, అడ్డంగా పడుకోబెట్టాలి. మన వేసవిలో అటక మీద దాస్తే పాతబడదు, పాడవుతుంది.

తాగే ముందురోజు సీసాను నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. పాత బిరడా పొడిపొడి కావచ్చు, నిదానంగా తీయాలి. 750 మిల్లీలీటర్లు ఆరుగురికి పంచితే తలా 125. పాత వైన్ గాలి తగిలాక ఎంతోసేపు నిలవదు, రేపటికి దాచుకోవడం కుదరదు. అందుకే దానికి మిత్రులు కావాలి. సీసాకు కాగితం చుట్టి, ఎవరికి తోచింది వారు ముందు రాసుకుని తర్వాత నోరు విప్పితే మంచిది. లేకపోతే మొదట మాట్లాడినవాడి రుచే అందరి రుచీ అయిపోతుంది.

ఏ మోతాదూ ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఇది రోజూ చేసే పని కాదు, తాగనివారిని బలవంతపెట్టే పని అసలే కాదు.

మరి సీసా ఎప్పుడు తెరవాలి? ఇంకో గొప్పరోజు వస్తుందని ఆగుతూ పోతే లోపలిది ఏదో ఒకనాటికి నీరసిస్తుంది. చుట్టూ కూర్చోవాల్సినవారూ అంతే. స్పరియర్ 2021లో, ఆ 1973 వైన్ తయారు చేసిన వారెన్ వినియార్‌స్కీ 2024లో కన్నుమూశారు. పెద్ద పండక్కని బీరువాలో దాచిన పట్టుచీర మడతల్లోనే చిట్లడం చూసిన ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.