చిత్తు సినిమా

కె.వి.రెడ్డి నటీనటుల చేత రిహార్సల్ చేయించి, స్టాప్‌వాచ్ చేత పట్టుకుని, ఏ సీను ఎంతసేపు నడుస్తుందో ముందే రాసుకునేవారు. ఆ లెక్క తేలాకే కెమెరా కదిలేది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ అలా తయారైందే. పదేళ్ల తర్వాత ‘సాక్షి’తో దర్శకుడైన బాపు చేతిలో కుంచె ఉంది కాబట్టి, ఆయన షాట్లను బొమ్మలుగా వేసుకున్నారు. దారులు వేరైనా ఇద్దరూ చేసింది ఒకటే, సినిమాను తీయకముందే ఒకసారి చూసుకోవడం. ఆ రోజుల్లో అందుకు డబ్బు కూడా ఒక కారణం. వెయ్యి అడుగుల 35 ఎంఎం ఫిల్ము చుట్ట సుమారు 11 నిమిషాల్లో అయిపోతుంది. తప్పు తీస్తే ముడి ఫిల్ము మళ్లీ కొనాల్సిందే.

ఇవాళ డిగ్రీ చదివే పిల్లల చేతిలో ఉన్న ఫోనుకు ఆ భయం లేదు. ఐఫోనులో 4కె నాణ్యతతో సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే నిమిషానికి సుమారు 135 ఎంబీ పడుతుంది. గంట షూటింగు సుమారు ఎనిమిది జీబీలో సర్దుకుంటుంది. ఇంత చవకగా బొమ్మ తీయగలగడం మా తరం ఊహించని సంగతి. ‘ఫోనుతో తీసేది సినిమానా’ అని కొట్టిపారేసే పెద్దల మీద నాకు కోపం కూడా ఉంది. అయితే ఆ చవకదనాన్ని పిల్లలు షూటింగు రోజున ఖర్చు పెట్టేస్తున్నారు. ఒకే షాటును నాలుగు వైపుల నుంచి, పదేసి సార్లు తీసి, ‘ఎడిటింగులో చూసుకుందాంలే’ అంటున్నారు. దాన్ని ఖర్చు పెట్టాల్సింది షూటింగుకు నెల ముందు.

కాలేజీ ఫెస్టుల్లో విద్యార్థుల లఘుచిత్రాలు ఇష్టంగా చూస్తాను. వాటిలో చాలావాటికి మంచి కథ ఉంటుంది. ఊళ్లో అమ్మమ్మ గురించో, హాస్టల్లో ఒంటరితనం గురించో, కులం అడిగిన ఇంటి ఓనరు గురించో వాళ్లు చెప్పే మాటలో నిజం ఉంటుంది. కానీ కథ మూడో నిమిషం దాకా మొదలు కాదు. ఆరు నిమిషాల్లో అయిపోవలసింది పన్నెండు నిమిషాలు సాగుతుంది. చివరి సీనులో అసలైన ముఖమే కనపడదు, ఆ షాటు తీయలేదు కాబట్టి. ఇవన్నీ వాళ్లకు ఎప్పుడు తెలుస్తాయంటే ఎడిటింగుకు కూర్చున్నప్పుడు. అప్పటికి సెమిస్టరు పరీక్షలు దగ్గర పడ్డాయి, తండ్రి వేషం వేసిన పెద్దాయన ఊరెళ్లిపోయాడు, తీసిన ఇంటికి సున్నం వేసేశారు.

అందుకే నేను చెప్పేది, ముందు ఒక చిత్తు సినిమా తీయండి. యానిమేషన్ వాళ్లకు యానిమాటిక్ పేరుతో ఇది ఎప్పటినుంచో అలవాటే. స్క్రిప్టు పూర్తయ్యాక టీము మొత్తం ఒక గదిలో కూర్చుని, ఫ్యాను ఆపేసి, పాత్రలు పంచుకుని పైకి చదవాలి. ఫోనులో రికార్డు చేయాలి. మౌనాలను మౌనంగానే ఉంచాలి. ‘తండ్రి చొక్కా విప్పి మేకుకు తగిలిస్తాడు’ అని రాసి ఉంటే, ఎవరో ఒకరు లేచి నిజంగా తగిలించి రావాలి, రికార్డింగు అంతసేపూ నడుస్తూనే ఉండాలి. తర్వాత అసలు లొకేషనుకే వెళ్లి, నటీనటులు దొరక్కపోతే స్నేహితుల్నే నిలబెట్టి, షాటుకు ఒక ఫొటో చొప్పున తీసుకోవాలి. ఆ ఫొటోలను వరసగా ఆ గొంతుల మీద పేరిస్తే చాలు. ఫోనులో కైన్‌మాస్టర్ యాప్ సరిపోతుంది. ల్యాప్‌టాప్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, పెద్ద సినిమాల రంగులు దిద్దేవాళ్లు వాడేది కూడా ఆ కుటుంబం సాఫ్ట్‌వేరే. ఎనిమిది నిమిషాల సినిమాకు ఒక శని, ఆదివారాల పని.

ఒక కథ అనుకుందాం. ఆటో నడిపే తండ్రి, డిగ్రీ మొదటి ఏడాది చదివే కూతురు. పరీక్ష ఫీజుకు రేపే ఆఖరు తేదీ. రాత్రి తండ్రి ఇంటికొస్తాడు, ఆమె అడగాలి. స్క్రిప్టులో దీనికి రెండు పేజీల డైలాగు ఉంది. అమ్మాయి భయపడుతూ మొదలుపెడుతుంది, తండ్రి కసురుకుంటాడు, కూతురు ఏడుస్తుంది, తండ్రి తగ్గుతాడు. కాగితం మీద బాగానే ఉంది. చిత్తు సినిమాలో చూస్తే సీను మూడు నిమిషాలు దాటింది. అంతకన్నా ముఖ్యంగా, నాలుగో ఫొటోలో తండ్రి మంచం మీద కూర్చుని, బల్బు కింద ఆ రోజు సంపాదించిన నోట్లు విడదీసుకుంటున్నాడు. కూతురు గుమ్మంలోంచి చూస్తోంది. ఆ ఫొటో చూసిన వాళ్లెవరికీ తర్వాతి డైలాగు అక్కర్లేదు. ఆమె అడగలేదన్నదే సీను. రెండు పేజీలు కొట్టేయొచ్చు. డైలాగులు రాసిన కుర్రవాడికి కష్టంగా ఉంటుంది కానీ, మరుసటి సీనులో ఆమె అడగకుండా ఏం చేసిందన్న కొత్త ప్రశ్న అక్కడే పుడుతుంది. మంచి సినిమా మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గర.

అదే వరసలో మరో లోపమూ దొరుకుతుంది. గుమ్మంలో ఉన్న అమ్మాయి ఫొటోలో కుడివైపు చూస్తోంది. మంచం మీది తండ్రి తలెత్తి చూసిన ఫొటోలోనూ చూపు కుడివైపే. రెండూ పక్కపక్కన పెడితే ఒకరినొకరు చూసుకున్నట్టు లేదు, ఇద్దరూ ఎవరో మూడో మనిషిని చూస్తున్నట్టుంది. కెమెరాను మంచానికి అటువైపు పెట్టాలని, అటు పెడితే వెనక వంటగది కనపడుతుందని, అక్కడ గిన్నెలు సర్దాలని, ఈ గొలుసంతా ఫొటోతోనే తెలిసిపోతుంది. షూటింగు రోజున తెలిస్తే గంట పోతుంది, ఎడిటింగులో తెలిస్తే సీనే పోతుంది.

ఈమధ్య స్టోరీబోర్డును ఏఐ చేత గీయిస్తున్న పిల్లలు కనపడుతున్నారు. నాకు ఏఐ అంటే పేచీ లేదు. కానీ ఈ పనికి అది వద్దని గట్టిగా చెబుతాను. అది ఇచ్చే బొమ్మలో వెలుగు ఎంతో అందంగా పడుతుంది, గది విశాలంగా ఉంటుంది, కిటికీ ఎక్కడ కావాలంటే అక్కడ ఉంటుంది. మీరు తీయబోయే గదిలో కెమెరా పెట్టడానికి గోడకూ మంచానికీ మధ్య మూడడుగుల జాగా మాత్రమే ఉంది. ఆ మూడడుగుల సంగతి ఏఐకి తెలియదు. సరిగా వెలుతురు లేకపోయినా, స్నేహితుడు నవ్వు ఆపుకోలేకపోయినా, ఆ గదిలో నిలబడి తీసిన ఫొటోయే మీకు నిజం చెబుతుంది. డైలాగుల విషయంలోనూ అంతే. ఏఐ రాసే తెలుగు ఏ ఊరిదీ కాదు. మీ నాన్న మాట్లాడే పాలమూరు మాటో, పక్కింటావిడ విజయనగరం యాసో మీ దగ్గర ఉంది. రాజ్యం మొత్తం వెతికినా దొరకని సరుకది.

మిగతా ప్రణాళిక పనుల గురించి ఎక్కువ చెప్పను. అందరూ చూసేలా ఒక గూగుల్ షీటు, అందులో షాటు నంబరు, చోటు, ఎవరు రావాలి, ఏ సామాను కావాలి. ఏ వేళకు ఎండ ఏ గోడ మీద పడుతుందో చెప్పే యాప్‌లున్నాయి, వాడండి. తీసింది రెండుచోట్ల కాపీ అయ్యాకే మెమరీ కార్డు ఖాళీ చేయండి. ఇవి పిల్లలు మనకంటే బాగా చేస్తారు.

చిత్తు సినిమాను పదిమందికి చూపించినప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. బొమ్మ కదలకపోయినా కథ అర్థమవుతుంది. గొంతు వినపడకపోతే మాత్రం కాదు. అయినా విద్యార్థి టీములు డబ్బంతా కెమెరాకూ లెన్సుకూ డ్రోనుకూ అద్దె కడతాయి, శబ్దం దేవుడికి వదిలేస్తాయి. 2015లో సండాన్స్ చిత్రోత్సవంలో దర్శకుడు షాన్ బేకర్ ‘టాన్జెరీన్’ను చూపినప్పుడు, అది ఐఫోన్ 5ఎస్‌తో తీశారన్న మాటే లోకమంతా పాకింది. పాకాల్సిన రెండో మాట పాకలేదు. ఆయన శబ్దాన్ని ఫోనుకు అప్పగించలేదు, విడిగా సౌండు రికార్డిస్టును పెట్టి మంచి మైకులతో పట్టించారు. మన దగ్గర లఘుచిత్రాల నుంచి వచ్చిన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్ళిచూపులు’ను సింక్ సౌండ్‌తో, అంటే షూటింగులోనే మాటలు రికార్డు చేస్తూ, తీశారు. దానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా, ఆయనకు సంభాషణలకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ సంభాషణల్లోని తడబాటు, మాట మధ్యలో ఆగిపోవడం, ఒకరి మీద ఒకరు మాట్లాడటం డబ్బింగు గదిలో తిరిగి పుట్టించడం చాలా కష్టం.

విద్యార్థులు దీన్ని చవకగా చేయగలరు. నటుడి చొక్కా జేబులో రెండో ఫోను, దానికి కాలర్ మైకు, ఫ్లైట్ మోడ్ వేసి రికార్డింగు. షాటు మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట కొడితే, ఎడిటింగులో ఆ చప్పుడు దగ్గర రెండూ కలిపేయొచ్చు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. సీను అయ్యాక అందరూ కదలకుండా నిలబడి, ఖాళీ గది శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకోవాలి, మాటల మధ్య అతుకులు దాచేది అదే. ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు ఫోను కెమెరా వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని తనకు తానే మార్చుకుంటుంది, దానివల్ల పొడవైన షాటు చివరికి పెదవులకూ మాటకూ తేడా వచ్చేస్తుంది. వేగాన్ని కట్టిపడేసే యాప్ వాడాలి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా ఉచితంగానే దొరుకుతుంది, 2024లో ఆండ్రాయిడ్‌కూ వచ్చింది. అందులోనే షట్టరును సెకనులో 50వ వంతుకు పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద తెర మీద పాకే చారలు పోతాయి.

సంగీతం గురించి ఒక మాట. చిత్తు సినిమాలో ఇళయరాజా బీజీఎం వేసుకోకండి. ఆయన సంగీతం కింద ఏ ఫొటో పెట్టినా కన్నీళ్లొస్తాయి, మీ సీనులో బలం ఉందో లేదో తెలియదు. పైగా దాన్ని అసలు సినిమాలో ఉంచితే హక్కుల గొడవతో చిత్రోత్సవాలకు పంపలేరు. కీబోర్డు వాయించే క్లాస్‌మేట్ ఉంటాడు, అతణ్ని టీములోకి తీసుకోండి.

ఇక కాలేజీలకూ ఫెస్టులు జరిపే కమిటీలకూ నా విన్నపం. కొత్త కెమెరా కొనడానికి ముందు రెండు కాలర్ మైకులు, ఒక బూమ్ మైకు, ఒక రికార్డరు కొనండి. కంప్యూటర్ ల్యాబును సాయంత్రం క్లాసులయ్యాక రెండు గంటలు తెరిచి ఉంచండి, సొంత ల్యాప్‌టాప్ లేని పిల్లలు సినిమాకు దూరమైపోతున్నారు. ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడితో పాటు ఉత్తమ శబ్దానికి బహుమతి పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యంగా, పోటీకి పంపే సినిమాతో పాటు చిత్తు సినిమా కూడా పంపాలని నిబంధన చేర్చండి. ఫైనల్స్ రోజున గెలిచిన టీముది రెండూ వరసగా వేసి చూపిస్తే, హాల్లో ఉన్న జూనియర్లకు ఏ డైలాగు ఎందుకు పోయిందో, కెమెరా మంచానికి అటువైపు ఎందుకు మారిందో కళ్లముందే తెలుస్తుంది. నోటీసులో అందుకు ఒక్క వాక్యం చాలు.