సైన్యంలో గే, లెస్బియన్లు: 377 పోయింది సరే.. యూనిఫాంలో ఉన్నవాళ్లకు రూల్ మారిందా?

మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి నాలుగు గోడల మధ్య దగ్గరైతే అది నేరం కాదు. వాళ్లు ఇద్దరూ మగవాళ్లయినా, ఇద్దరూ ఆడవాళ్లయినా సరే. సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 2018 సెప్టెంబర్ 6న ఈ మాట తేల్చి చెప్పింది. ఐపీసీ 377 సెక్షన్ కోరలు అలా ఊడిపోయాయి. మరి సరిహద్దులో కాపలా కాసే జవాను సంగతేంటి? యుద్ధనౌకలో పనిచేసే సెయిలర్ సంగతేంటి? ఏళ్లు గడిచినా దీనికి సూటి జవాబు లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

చట్టంలో నిషేధం ఉందా?

'గే, లెస్బియన్లు సైన్యానికి పనికిరారు' అని 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో ఎక్కడా రాసి లేదు. కానీ రెండు సెక్షన్లు ఉన్నాయి. ఒకటి 45. హోదాకు తగని ప్రవర్తన గురించి చెప్పే సెక్షన్ ఇది. ఆఫీసర్లకు, జేసీవోలకు వర్తిస్తుంది. కోర్టు మార్షల్‌లో తప్పు రుజువైతే కొలువు పోవచ్చు. రెండోది 46. క్రూరమైన, అసభ్యమైన లేదా 'అసహజమైన' సిగ్గుమాలిన ప్రవర్తన దీని కిందకు వస్తుంది. జవాను నుంచి జనరల్ దాకా ఎవరికైనా ఇది వర్తిస్తుంది. శిక్ష గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. ఎయిర్‌ఫోర్స్ యాక్ట్‌లోనూ ఇవే సెక్షన్లు ఉన్నాయి.

ఇంతకీ 'అసహజం' అంటే ఏంటి? చట్టం చెప్పదు. 377లో ఉన్నదీ ఇలాంటి మాటే, 'ప్రకృతి విరుద్ధం' అని. మేజర్ల మధ్య ఇష్టపూర్వక సంబంధానికి ఆ ముద్ర చెల్లదని కోర్టు 2018లోనే చెప్పేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అయితే 377 లాంటి సెక్షనే లేదు. మామూలు జనం చట్టంలోంచి పోయిన మాట, సైనికుల చట్టంలో మాత్రం అలాగే కూర్చుంది.

కోర్టు మార్షల్ ఒక్కటే దారి కూడా కాదు. ఆఫీసర్ ప్రవర్తన బాగోలేదని కేంద్రం భావిస్తే, నోటీసు ఇచ్చి పాలనాపరమైన చర్యతోనే సర్వీసు నుంచి తప్పించవచ్చు. అప్పుడు అర్థం చెప్పని ఆ మాటల బరువు ఇంకా పెరుగుతుంది.

ఆర్మీ చీఫ్ మాట.. ఆర్టికల్ 33 బలం

377 తీర్పు వచ్చిన నాలుగు నెలలకే, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ మీడియా ముందు విషయం తేల్చేశారు. ఆర్మీ సంప్రదాయ సంస్థ అని, ఇలాంటివి లోపలికి రానివ్వబోమని, ఆర్మీ యాక్ట్ ప్రకారమే చూసుకుంటామని ఆయన చెప్పిన మాటల సారాంశం.

సైన్యం వైపు ఒక రాజ్యాంగ బలం కూడా ఉంది. అదే ఆర్టికల్ 33. క్రమశిక్షణ కోసం సైనికుల ప్రాథమిక హక్కులకు పార్లమెంటు పరిమితులు పెట్టొచ్చని అది చెబుతుంది. దీని ప్రభావం వ్యభిచారం కేసులో కనిపించింది. 2018 సెప్టెంబర్ 27న వ్యభిచారం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. సైన్యంలో క్రమశిక్షణ దెబ్బతింటుందని కేంద్రం మళ్లీ కోర్టుకెళ్లింది. ఆ తీర్పు సైనిక చట్టాలకు అడ్డు కాదని 2023 జనవరి 31న కోర్టు స్పష్టత ఇచ్చింది.

అయితే రెంటినీ ఒకే గాటన కట్టలేం. వ్యభిచారం కేసులో మోసపోయిన మూడో మనిషి ఉంటారు. తోటి సైనికుడు బోర్డర్‌లో ఉంటే అతని ఇంట్లో చిచ్చు పెట్టడం యూనిట్ నమ్మకాన్నే దెబ్బతీస్తుంది. ఎవరినీ మోసం చేయని, ఎవరినీ బలవంతపెట్టని ఇద్దరి మధ్య సంబంధంలో ఆ మూడో మనిషి ఎవరు?

సినిమా స్క్రిప్టు దగ్గరా అదే గోడ

2022లో మరో సంగతి బయటికొచ్చింది. గే అని బహిరంగంగా చెప్పుకున్న ఒక మాజీ ఆర్మీ మేజర్ జీవితం స్ఫూర్తితో దర్శకుడు ఒనిర్ స్క్రిప్టు రాసుకున్నారు. దానికి రక్షణ శాఖ ఎన్వోసీ ఇవ్వలేదు. కశ్మీర్‌లో పనిచేసే సైనికుడికి, స్థానిక యువకుడికి మధ్య ప్రేమను చూపిస్తే ఆర్మీ పరువు పోతుందని, భద్రతాపరమైన ఇబ్బందులు వస్తాయని పార్లమెంటులో కారణం చెప్పారు. అంటే తెర మీద కథగా కూడా ఆ సైనికుడు కనిపించకూడదన్నమాట.

విశాఖపట్నానికీ ఇలాంటి చరిత్ర ఒకటి ఉంది. అక్కడి ఐఎన్‌ఎస్ ఏకశిలలో పనిచేసే ఒక సెయిలర్ సెలవులో ఉండగా లింగమార్పిడి సర్జరీ చేయించుకున్నారు. 2017 అక్టోబర్‌లో 'సేవలు ఇక అవసరం లేదు' అంటూ నేవీ ఇంటికి పంపింది. అది ట్రాన్స్‌జెండర్ అంశం. గే, లెస్బియన్ల అంశం వేరు. కానీ రెండు చోట్లా ప్రశ్న ఒకటే. పనిలో లోపం లేకపోయినా, మనిషి ఎవరన్న దాన్ని బట్టి యూనిఫాం విప్పించవచ్చా?

బయటి దేశాలు ఏం చేశాయి?

అమెరికా 1993లో ఒక మధ్యే మార్గం పట్టింది. 'మేం అడగం, మీరు చెప్పొద్దు' అన్నదే ఆ పాలసీ. వినడానికి మెత్తగా ఉన్నా, దాని కింద 13,000 మందికి పైగా కొలువులు పోయాయి. ఎత్తేసే ముందు పెంటగాన్ సర్వే చేస్తే 1,15,000 మంది సైనికులు స్పందించారు. రూల్ తీసేస్తే నష్టం ఉండదని లేదా మంచీచెడూ రెండూ ఉంటాయని దాదాపు 70 శాతం మంది అన్నారు. 2011 సెప్టెంబర్ 20న ఆ పాలసీకి తెరపడింది.

బ్రిటన్‌లో 2000 జనవరి దాకా పూర్తి నిషేధమే. యూరప్ మానవ హక్కుల కోర్టులో ఓడిపోయాకే ఎత్తేశారు. 2023 జులైలో అప్పటి ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో మాజీ సైనికులకు క్షమాపణ చెప్పారు. గెంటేసిన వాళ్లకు ఒక్కొక్కరికి 50,000 పౌండ్ల పరిహారం 2024 డిసెంబర్‌లో ప్రకటించారు. తప్పు దిద్దుకోవడానికి పాతికేళ్లు పట్టింది. అప్పటికి చాలామంది ముసలివాళ్లయిపోయారు.

అన్ని దేశాలూ ఒకే దారిలో లేవు. మగవాళ్లంతా సైన్యంలో చేరక తప్పని దక్షిణ కొరియాలో సైనికుల స్వలింగ సంబంధానికి రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. క్యాంపు బయట, ఇష్టపూర్వకంగా జరిగితే శిక్షించలేమని అక్కడి సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఏడాదిన్నరకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థించింది.

'జవాన్లు ఒప్పుకోరు' అనే వాదన

ఒకే బ్యారక్‌లో పడుకోవాలి, ఒకే బంకర్‌లో నెలల తరబడి ఉండాలి, ఆర్డర్ ఇచ్చేవాడి మీద నమ్మకం ఉండాలి. సైన్యం చెప్పే ఈ ఇబ్బందుల్ని కొట్టిపారేయలేం. అయితే ఇలాంటి మాటే మహిళా ఆఫీసర్ల విషయంలోనూ వినిపించింది. పల్లెల నుంచి వచ్చిన జవాన్లు ఆడవాళ్ల కమాండ్‌ను ఒప్పుకోరని కేంద్రం వాదించింది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి, పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలంది.

పైగా మౌనం కూడా భద్రతకు మంచిది కాదు. రహస్యం బయటపడితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న సైనికుణ్ని బ్లాక్‌మెయిల్ చేయడం తేలిక. పై అధికారి లైంగికంగా వేధించినా కంప్లయింట్ ఇవ్వలేడు. ఇస్తే ముందు తన గుట్టే బయటపడుతుంది. అంటే క్రమశిక్షణ కోసం పెట్టిన మాట, అసలు తప్పు చేసినవాణ్నే కాపాడుతుంది.

దారి లేకపోలేదు. కింది ఉద్యోగిని లొంగదీసుకోవడం, వేధింపు, డ్యూటీలో అసభ్య ప్రవర్తన.. వీటికి ఆడా మగా తేడా లేకుండా ఒకే రూల్, ఒకే శిక్ష పెట్టొచ్చు. డ్యూటీ బయట, మేజర్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం 'అసహజం' కిందకు రాదని 46వ సెక్షన్‌కు ఒక వివరణ చేర్చొచ్చు. ఆర్టికల్ 33 ఆ అధికారాన్ని పార్లమెంటుకే ఇచ్చింది. వద్దనుకుంటే ఆ మాటైనా చట్టంలో స్పష్టంగా రాయాలి. అప్పుడు కోర్టులో దాన్ని ప్రశ్నించే వీలుంటుంది. రాయని రూల్ మీద ఏ సైనికుడు, ఎక్కడ అప్పీలు చేసుకోవాలి?