చీరైనా తెరైనా ఎండలో చూశాకే!



పోయినవారం వడియాల కబుర్లు చెప్పుకున్నాం. ఆ వడియాలు మేడ మీద ఎండుతుంటే చూసి ఈ వారం కబురు గుర్తొచ్చింది. ఇది వంట కాదు గానీ వంటింటికి మరీ దూరమైనదీ కాదు. ఇప్పుడు మనలో చాలామంది చేసిన వంటల్ని వీడియో తీసుకుంటున్నారు. ఫోను చాలదని అరచేతిలో పట్టే చిన్న కెమెరా కొన్నవాళ్ళూ ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

పోయినేడు మే నెలలో మా అమ్మ సూర్యాపేట నుంచి హబ్సిగూడకి మా ఇంటికొచ్చింది. ఆమెకి డెబ్బై ఆరేళ్ళు. మామిడికాయ తొక్కు పెట్టడంలో ఆమె చెయ్యే వేరు. మీలో కొందరు ఆవకాయ అనుకోండి, మా వైపు తొక్కు అంటాం. కారం, ఉప్పు, ఆవపిండి అన్నీ చేతి కొలతే. రాసుకుంటాను చెప్పమంటే, "చూసి నేర్చుకో బిడ్డా" అంటుంది. చూసి నేర్చుకోవడానికైతే వీడియోనే మేలని మేడ మీద కెమెరా పెట్టాను.

పొద్దున పదకొండు గంటలు. ఎండ మండిపోతోంది. కెమెరా వెనకున్న మూడంగుళాల తెరలో చూద్దును కదా, నా ముఖమూ నా వెనకున్న నీళ్ళ ట్యాంకూ తప్ప ఇంకేం కనపడలేదు! దానికి తోడు నాకు చత్వారం. కళ్ళజోడు పెట్టుకున్నా అంతే, తీసినా అంతే. అంతా బాగానే వస్తోందిలే అనుకుని తీసేశాను. రాత్రి టీవీలో పెట్టి చూస్తే దండెం మీది దుప్పటి పూలు స్పష్టంగా ఉన్నాయి, అమ్మ చేతులేమో మసక మసక. ముక్కలు కలిపిన తెల్లటి పళ్ళెం సున్నం కొట్టినట్టు వెలిసిపోయింది. అప్పటికే జాడీకి వాసెన కట్టేశాం. తొక్కు ఏడాదికొక్కసారే కదా పెట్టేది! అమ్మ వయసు తలుచుకుంటే "వచ్చే ఏడు తీద్దాంలే" అనడానికి నోరు రాలేదు.

మా వీధిలో పెళ్ళి వీడియోలు తీసే అబ్బాయొకడున్నాడు. విషయం చెబితే, "ఆంటీ, కెమెరాకి విడిగా ఒక మానిటర్ తగిలించుకోండి, ఎండలో పని చేసేవాళ్ళంతా అదే చేస్తారు" అని రెండు మానిటర్లు చూసుకోమని ఇచ్చాడు. రెండూ ఐదంగుళాలవే. ఇంట్లో వెలిగిస్తే రెండూ దీపాల్లా మెరిశాయి. మరి ధరలో అంత తేడా ఎందుకని మా వారికి అనుమానం. ఆదివారం మిట్టమధ్యాహ్నం మా వారూ, అమ్మాయీ, నేనూ వాటిని పట్టుకుని తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్ళాం. 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ముందు నిలబడితే ఎండ ఎంతటిదో చెప్పక్కర్లేదు. చౌకదాన్లో భవనం ఉందో లేదో తెలియలేదు. రెండోదాన్లో కమానులూ, మెట్లూ కూడా లెక్కపెట్టగలిగాం.

మనం చీర కొనేటప్పుడు ఏం చేస్తాం? దుకాణంలో లైటు కింద నమ్మం. గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో రంగు చూస్తాం. మానిటరుకీ అదే నీతి. కొనడానికి కోఠి వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా, "బాబూ, ఒక్కసారి బయటికొచ్చి ఎండలో వెలిగించి చూపించు" అని అడగండి. మొహమాటపడకండి.

ఇంతకీ తేడా ఎక్కడుందంటే వెలుగులో. తెర వెలుగుని 'నిట్'లలో కొలుస్తారు. ఒక నిట్ అంటే చదరపు మీటరు మేర పరుచుకున్న సుమారు ఒక కొవ్వొత్తి వెలుగు అనుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ తెర 250, 300 నిట్లుంటుంది. ఇంట్లో అది చాలు. నడినెత్తి ఎండ ఇంట్లో లైటు వెలుతురు కంటే వందల రెట్లు ఎక్కువ కాబట్టి ఆ తెర బయట వెలవెలబోతుంది. ఆరుబయట వాడాలంటే కనీసం 1000 నిట్లు చూసుకోండి. 2019లో వచ్చిన అటమాస్ షినోబి ఐదంగుళాల తెర ఈ 1000 నిట్లదే. ఫీల్‌వరల్డ్ ఎల్‌యూటీ7 లాంటివి 2200 దాకా వెళతాయి. పెట్టె మీద 'ఫుల్ హెచ్‌డీ', '4కె' అని ఎంత పెద్ద అక్షరాలున్నా, మీరు వెతకాల్సింది నిట్ల అంకె.

అయితే మానిటరు కంటే ముందు మీ కెమెరాని పరీక్షించుకోవాలి. దాని పక్కన హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందా? చిన్న కెమెరాల్లో ఎక్కువగా 'మైక్రో' రకం ఉంటుంది, మానిటరుకేమో పెద్ద రకం ఉండొచ్చు. రెండు కొసలూ చూసుకుని వైరు కొనండి. కొన్ని పాత కెమెరాలు తీసేసిన వీడియోనే బయటికి చూపిస్తాయి, తీస్తుండగా చూపించవు. అలాంటిదానికి మానిటరు కొంటే డబ్బు దండగ. కొన్నింట్లో వైరు తగిలించగానే వెనక తెర ఆరిపోతుంది, తెర మీద వేలుతో తాకి ఫోకస్ పెట్టే వీలు పోతుంది. అందుకే మీ కెమెరాని దుకాణానికి తీసుకెళ్ళి తగిలించి చూడండి. ఇంకొకటి, ఆ మైక్రో రంధ్రం చాలా సున్నితం. వైరు వేలాడుతూ లాగితే పాడైపోతుంది. వైరుని స్టాండుకి ఒక రబ్బరు బ్యాండుతో కట్టేయండి.

సైజు విషయంలో ఆశపడకండి. చిన్న కెమెరాకి ఏడంగుళాల తెర అంటే చంటిబిడ్డ నెత్తిన బిందె పెట్టినట్టే. మానిటరు బరువుకి దాని బ్యాటరీ బరువు కూడా కలుస్తుంది. తేలికపాటి స్టాండు గాలికి పడిపోతుంది. ఐదంగుళాలు చాలు. కొన్ని చిన్న కెమెరాల పైన ఏదీ తగిలించే వీలుండదు. అలాంటప్పుడు మానిటరుని స్టాండు కాలికే క్లాంపుతో బిగించుకోవచ్చు.

మనలా చత్వారం వచ్చినవాళ్ళకి వరంలాంటి సదుపాయం ఒకటుంది. 'ఫోకస్ పీకింగ్' అంటారు. ఏది స్పష్టంగా పడుతోందో దాని అంచుల చుట్టూ ఎర్ర గీతలు చూపిస్తుంది. ఇంకోటి 'జీబ్రా'. ఎక్కడ వెలుతురు మించిపోయి వెలిసిపోతుందో అక్కడ చారలు పడతాయి. నా పళ్ళెం సున్నంలా అయింది చూడండి, జీబ్రా ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఈ రెండూ లేని మానిటరు జోలికి వెళ్ళకండి.

ఇంతా చెప్పి, వెంటనే కొనేయమని మాత్రం చెప్పను. ముందు ఇంట్లో ఉన్నవాటితో ప్రయత్నించండి. నల్ల గొడుగు నీడలో నిలబడి చూడండి. ఒక అట్టపెట్టెకి లోపల నల్ల కాగితం అంటించి తెర చుట్టూ డబ్బాలా పెట్టండి, సగం కష్టం అక్కడే తీరుతుంది. కెమెరాలో వైఫై ఉంటే కంపెనీ వారి యాప్‌తో ఫోనులోనే చూడొచ్చు. కాకపోతే బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. వీటితో పని జరిగిపోతే ఆ డబ్బు దాచుకోండి.

నల్లద్దాలు పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. 'పోలరైజ్డ్' రకమైతే కొన్ని తెరలు పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. మానిటరు పాడైందని కంగారు పడకుండా అద్దాలు తీసి చూడండి. ఎండ సంగతి కూడా. చాలా కెమెరాలు 40 డిగ్రీల వేడి వరకే పని చేస్తాయని వాటితో వచ్చే పుస్తకంలో రాసుంటుంది. మన మే నెల సంగతి మీకు తెలిసిందే. తీయనప్పుడు కెమెరానీ మానిటరునీ నీడలో పెట్టండి, పైన తడిగుడ్డలు మాత్రం వెయ్యకండి.

నేను గొడుగూ, అట్టడబ్బా రెండూ చూశాను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ముక్కలు అందించడం నావల్ల కాలేదు. చివరికి చీటీ డబ్బుతో 1000 నిట్లది కొన్నాను. ఈ ఏడు అమ్మని మళ్ళీ రప్పించాను. మేడ మీద అదే చోటు, అదే ఎండ. ఈసారి ఎర్ర గీతలు సరిగ్గా ఆమె వేళ్ళ చుట్టూ వచ్చాయి. పిడికెడు ఆవపిండి ఎంతో, గుప్పెడు ఉప్పు ఎంతో చక్కగా కనపడింది. కలపడం అయ్యాక అమ్మ వచ్చి తెరలోకి వంగి చూసుకుంది. "నా చేతులు ఇంత ముడతలు పడ్డయా బిడ్డా?" అంది. తర్వాత తనే, "పోనీలే, కొలత కనపడుతుంది కదా" అని నవ్వింది.

మీ ఇళ్ళల్లోనూ చేతి కొలతల పెద్దవాళ్ళుంటారు. ఈ వేసవి దాటకముందే వాళ్ళ చేతుల్ని వీడియో తీసి పెట్టుకోండి. తీసేముందు ఎండలో ఒక్క నిమిషం తీసి, లోపలికెళ్ళి టీవీలో చూసుకుని, ఆ తర్వాతే జాడీ మూత తియ్యండి.

వచ్చేవారం జాడీలకి బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పుకుందాం. ఉంటానండీ.