మూడో పింగళి

బందరులో పింగళి అనగానే జెండా వెంకయ్యగారంటారు. సినిమా మీద మమకారం ఉన్నవాళ్ళయితే ‘మాయాబజార్’ నాగేంద్రరావుగారంటారు. ఇద్దరూ ఈ ఊరి ఉప్పు తిన్నవాళ్ళే. ఇద్దరినీ ఎంత తలుచుకున్నా తక్కువే. నా బాధల్లా మూడో పింగళి గురించి. ఆచార్య పింగళి లక్ష్మీకాంతంగారు మనకేమవుతారో మన పిల్లలకు చెప్పేవాళ్ళు లేకుండా పోతున్నారు.

గుడివాడలో నేను తెలుగు పాఠం చెప్పేరోజుల్లో ఒక కుర్రవాడు తిక్కన మీద ఒక పేరా గడగడా అప్పజెప్పాడు. వింటూంటే ఒళ్ళు జలదరించింది. ఆ తర్కం, ఆ వరస లక్ష్మీకాంతంగారివి. “ఎవరి మాటలు నాయనా ఇవి?” అన్నాను. “గైడులో ఉన్నాయి మాస్టారూ” అన్నాడు. ఆ గైడు తీసుకుని అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. ఆయన పేరు ఒక్కచోటా లేదు. నేనే పేరు చెప్పి, పెన్సిలుతో పేరా పక్కన రాయించాను. రాస్తూ రాస్తూ తలెత్తి, “జెండా ఆయనేనా మాస్టారూ?” అని అడిగాడు. వాడిని ఏమనగలను? వాడికి ఎవరు చెప్పారు గనక!

1894లో బంటుమిల్లి దగ్గర ఆర్తమూరులో పుట్టారాయన. స్వగ్రామం ఘంటసాల పక్కనున్న చిట్టూర్పు, దివిసీమ ముంగిలి. బందరులో చదువుకున్నారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి శిష్యరికం అక్కడే. కాటూరి వెంకటేశ్వరరావుగారితో కలిసి అవధానాలు చేశారు. గురువుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడితే ధర్మరాజు వేషం కట్టారు. నోబుల్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా బడిపిల్లలకు పద్యం నేర్పారు. పింగళి–కాటూరి కవులంటే ‘తొలకరి’, ‘సౌందరనందం’ గుర్తుకొస్తాయి. అశ్వఘోషుడి సంస్కృత కావ్యకథను తీసుకుని ఆ ఇద్దరూ తెలుగు గుండెలోకి దింపారు. అయితే ఆ జంట పేరే ఆయనకు అడ్డు తెర అయిందేమో అనిపిస్తుంది నాకు. పేరు తెలిసినవాళ్ళు కూడా సగం పేరుగానే ఎరుగుదురు. మిగతా సగంలో ఎంత ఉందో చూడరు.

1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు శాఖ మొదలైనప్పుడు పాఠం చెప్పడానికి పిలిచింది ఈయననే. ఆ రోజు తెలుగులో ఆనర్సు చెప్పాలంటే చేతిలో ఏముంది? పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం, అంతటితో సరి. ఒక కవి ఎందుకలా రాశాడు, ఆ కాలానికీ ఆ శైలికీ ఉన్న లంకె ఏమిటి, ఏది గొప్ప, ఏది కాదు, గొప్పదైతే ఎందుకు అని పెద్ద చదువు పిల్లల ముందుంచి వివరించే దారి అప్పటికింకా పడలేదు. ఆ దారి వేసినవాళ్ళలో ముందువరసలో ఉన్నది మన బందరు పండితుడు. పద్దెనిమిదేళ్ళు వాల్తేరులో ఆ పని చేశారు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆయన దగ్గర చదువుకున్నవారే. ‘సౌందరనందం’ తర్వాత ఆయన శక్తిలో ఎక్కువ పాలు పాఠానికే ధారపోశారని నేననుకుంటాను. కవిగా ఎంత నష్టపోయారో ఎవరూ లెక్క కట్టలేదు.

తర్వాత విజయవాడ ఆకాశవాణి. సంస్కృత నాటకాలను తెలుగు చేసి, సాహిత్యం మీద ప్రసంగించి, కాలేజీ గడప తొక్కని ఇళ్ళకు కూడా ఆ చదువు అందించారు. 1961లో, అరవయ్యేడేళ్ళ వయసులో, తిరుపతి వెళ్ళి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మళ్ళీ సుద్దముక్క పట్టుకున్నారు.

‘ఆంధ్ర సాహిత్య చరిత్ర’ అచ్చయి వచ్చేసరికి ఆయన లేరు. 1972లో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆ పుస్తకాన్ని 1974లో వేసింది. నేను చూసిన లైబ్రరీ ప్రతికి అట్ట ఊడితే పురికొసతో కట్టి పెట్టారు. పుస్తకం ఇచ్చిన చివరి తేదీ ముద్ర పడి పదకొండేళ్ళయింది. లోపల మార్జిన్లలో మాత్రం నాలుగైదు రకాల చేతిరాతలు, ‘ముఖ్యం’, ‘పరీక్ష’, ఒకచోట ‘ఆహా’. ఆ ‘ఆహా’ రాసిన చెయ్యి ఎవరిదో! ఇవాళ సివిల్సుకి తెలుగు తీసుకునే పిల్లలు ఆయన ఆలోచనలతోనే మార్కులు తెచ్చుకుంటున్నారు. గైడు మీద గైడు వచ్చి, మాట మిగిలింది, మనిషి జారిపోయాడు.

కవికి కావ్యం మీద పేరుంటుంది. పాఠం చెప్పినవాడికి అదీ ఉండదు. అందుకే ఆయన సొంత సీమలోని తెలుగు పంతుళ్ళను చేతులు జోడించి అడుగుతున్నాను. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో, చల్లపల్లిలో, ఎక్కడున్నా సరే. జనవరి 10 ఆయన పుట్టినరోజు. సంక్రాంతి సెలవుల హడావిడిలో పడకముందు ఒక్క పీరియడు ఆయనకివ్వండి. ఏదో ఒక కవి మీద ఆయన రాసిన నాలుగు పేజీలు పిల్లలకు పైకి చదివి వినిపించండి. ఎవరు రాశారో నల్లబల్ల మీద పేరు పూర్తిగా రాయండి. పుస్తకం దొరకలేదంటే, నా దగ్గరున్న ప్రతిలోంచి ఆ నాలుగు పేజీలూ తీయించి పట్టుకొస్తాను.