ఆంగ్లపద పరిచయము: ఒక మాటకు ఒక్కటే యర్థమా?



గడచిన మాసమున ఒక సోదరి నాకిట్లు వ్రాసినారు: "దినమునకు పది యింగ్లీషు మాటల చొప్పున అర్థములతో వల్లించుచున్నాను. ఏడాదికి మూడువేలు దాటును గదా! అంతట నాకు ఇంగ్లీషు వచ్చినట్లేనా?" ఆమె పట్టుదల మెచ్చదగినది. కాని జవాబు చెప్పుటకు ముందు, ఇంతవరకు ఈ పుటలో చెప్పుకొనని నా తప్పొకటి చెప్పవలసియున్నది.

నాకు ఇంగ్లీషు బడిలో వచ్చినది కాదు. మా తండ్రిగారు అమరమును కావ్యములును చెప్పిరి. పెండ్లియైన పిదప మావారు, రాత్రులు బడిపిల్లల వ్రాతపుస్తకములు దిద్దుకొనుచు, నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇంగ్లీషు నేర్పిరి. నాలుగేండ్లలో గర్వము కలుగునంత మాత్రము వచ్చినది.

ఆ దినములలోనే మా ఆడుబిడ్డ ఒక కాగితము పట్టుకొని వచ్చినది. పొరుగింటావిడ చీటీ పాడుకొన్నదట. సొమ్ము చేతికి రావలెనన్న ముగ్గురు జామీను సంతకములు చేయవలెనట. మావారు ఊరలేరు. "వదినా, నీకు ఇంగ్లీషు వచ్చుగా, కాస్త చదివి చెప్పు" అన్నది. అందు 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అని యున్నది. జాయింట్ అనగా కూడినది, సెవరల్ అనగా పెక్కు. రెండును నా పుస్తకములో నున్నవే. "పెక్కుమంది కలసి బాధ్యులని వ్రాసినారు, నీ వంతు మూడవ పాలే" అని తడుముకొనక చెప్పితిని. ఆమె సంతకము చేసినది.

ఏడాది తిరుగకుండ ఆ పొరుగావిడ ఊరు విడిచెను. తక్కిన యిద్దరివద్ద ఏమియు లేదు. చీటీవారు మొత్తమంతయు మా ఆడుబిడ్డనే అడిగిరి. ఆ కాగితమున ఆ మాటకు 'పెక్కు' అని కాదు, 'విడివిడిగా' అని యర్థమట. అనగా ముగ్గురును కలసియు బాధ్యులే, ఎవరికి వారు మొత్తమునకును బాధ్యులే. సెవరల్ అనునది 'వేరు' అను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. సెపరేట్ దానికి చుట్టము. వాడుకలో ఆ పాత యర్థము మరుగుపడినను, న్యాయశాస్త్రపు కాగితములలో నేటికిని నిలిచియున్నది. మొత్తము చెల్లించినవారు తోటి జామీనుదారులనుండి వారి వంతులు రాబట్టుకొనవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది గాని, లేనివారివద్ద ఏమి రాబట్టగలము? నాలుగు గాజులు అమ్మి కట్టినది. నన్ను ఒక్క మాట యనలేదు. అనియుండిన బాగుండెడిది.

సిగ్గుపడవలసిన సంగతి మరియొకటి కలదు. అమరకోశము తృతీయకాండమున నానార్థవర్గమని ప్రత్యేకముగ నున్నది. హరి యనగా విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహము, గుఱ్ఱము, కోతి యని చిన్ననాడే వల్లించితిని. కోతులు చెట్టెక్కినవని చెప్పుచోట విష్ణువని యర్థము చెప్పిన మా తండ్రిగారు ఊరకుందురా? అట్టి నేను ఇంగ్లీషు మాటకు మాత్రము ఒక్క యర్థము వ్రాసికొని, అయినదని క్రింద గీత గీసితిని.

మన యిండ్లకు వచ్చు కాగితములే చూడుడు. ప్రిన్సిపల్ అనగా కళాశాలకు పెద్ద. బ్యాంకువారి లెక్కలో అసలు. ఇంటరెస్టు అనగా ఆసక్తి, అచ్చట వడ్డీ. వైద్యుడు క్రానిక్ అని వ్రాయగనే వ్యాధి ముదిరినదని కంట నీరు పెట్టుకొన్నవారిని నేనెరుగుదును. ఆ మాట కాలమను అర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినది. బహుకాలముగ నున్న వ్యాధి యని చెప్పునే గాని, అది ప్రాణాంతకమని చెప్పదు. హఠాత్తుగ వచ్చి త్వరగ పెరుగునది అక్యూట్.

కావున ఆ సోదరికి నా మనవి: పది వలదు, రెండు చాలును. మాట ఎచ్చట కనబడినదో ఆ వాక్యము మొత్తము వ్రాసికొనుడు. ఆ వాక్యమున దాని యర్థమేమో వ్రాసి, క్రింద నాలుగు పంక్తులు ఖాళీగ విడువుడు. అదే మాట మరియొకచోట మరియొక యర్థముతో తప్పక ఎదురగును.

వీలైనచో దాని కుటుంబమునుగూడ చేర్చుడు. సంస్కృతము కొంచెమైన నెరిగినవారికి ఇది వేడుక. మనకు శ్వస ధాతువునుండి ఉచ్ఛ్వాసము, నిశ్వాసము, ఆశ్వాసము, విశ్వాసము వచ్చినట్లే, ఊపిరి పీల్చుటయను లాటిను ధాతువునుండి వారికి ఒక సంసారమంత వచ్చినది. రెస్పిరేషన్ శ్వాసక్రియ. ఇన్‌స్పిరేషన్ లోనికి ఊదబడినది, అనగా ప్రేరణ. పర్‌స్పిరేషన్ చర్మముగుండ వెలువడు చెమట. మందుసీసాపై నుండు ఎక్స్‌పైరీ ఊపిరి విడుచుట; ఆ తేదీ దాటిన మందు వాడదగదు. కాన్‌స్పిరసీ, కలసి ఊపిరి పీల్చుట, కుట్ర యైనది. తలలు దగ్గర చేర్చి గుసగుసలాడువారిని తలచుకొన్నచో ఆ మాట మరి మరువరు. మనకు విశ్వాసమునిచ్చిన ఊపిరి వారికి కుట్రనిచ్చినదేమా యని నేను చాలసేపు నవ్వుకొంటిని.

మొన్న మా ఆడుబిడ్డ జాబు వ్రాసినది. ఇప్పుడామెయు పుస్తకము పెట్టినది. "బ్యాంకు కాగితమున నామినీ అని యున్నది. పేరు చెప్పబడిన వ్యక్తి యని నిఘంటువులో చూచితిని. పెద్దదాని పేరు వ్రాసినచో నా సొమ్ము దానికొక్కతెకే చెందునా వదినా? సంతకము ఆపియుంచితిని" అని యడిగినది. ఈసారి నేను వెంటనే జవాబు వ్రాయలేదు. మావారిని, వారు చెప్పిన వకీలును అడిగిన పిమ్మట వ్రాసితిని: నీ తరువాత బ్యాంకువారు ఆ సొమ్ము నామినీ చేతికిత్తురు, అంతమాత్రమున తక్కిన పిల్లల వారసత్వపు హక్కు పోదు, ఎవరికెంతయో నీవే నిర్ణయింపదలచినచో దానికి వీలునామా వేరుగ వ్రాయవలెను.