అక్షింతల పురుగు - ఊరి కట్టుబాటు

భూమికి హద్దులు గలవు. నాగలి గట్టు దాటినచో తగవు పుట్టును. నీటి వంతు తప్పినచో పెద్దమనుష్యులు కూడుదురు. కాని పైరును కాచు అక్షింతల పురుగునకు సర్వే నంబరు లేదు. నేడు ఒకని చేనిలో పేనుబంకను తిని, రేపు పొరుగువాని చేనికి ఎగిరిపోవును. కావున దానిని చంపు మందును చల్లినవాడు తన సొత్తునే గాక ఊరి సొత్తును గూడ నశింపజేసినవాడగుచున్నాడు. పెన్‌పహాడు మొదలుకొని కోదాడ, మిర్యాలగూడ వరకుగల మన రైతులు ఈ యంశమును కలిసి విచారింపవలసియున్నదని మా యభిప్రాయము.

ఎఱ్ఱని లేక నారింజవన్నె పెంకుపై నల్లని మచ్చలుగల యీ పురుగు నెఱుగని రైతు లేడు. దాని పిల్లను ఎఱిగినవారు మాత్రము అరుదు. నల్లని దేహముపై నారింజ మచ్చలతో, చిన్న మొసలిని బోలి ఆకులపై ప్రాకు ఆ పిల్లపురుగే పేనుబంకను, పిండినల్లిని ఆబగా తినునది. దానిని చూచి క్రొత్త చీడయని భ్రమించి మందు కొట్టువారు గలరు. పేరును ఈ భ్రమకు తోడగుచున్నది. వంగతోటలో ఆకును గీకి జల్లెడ చేయు పురుగును గూడ మనవారు అక్షింతల పురుగనియే యందురు. దాని పెంకునకు మెఱుగు లేదు, సన్నని నూగు గలదు, అది శత్రువు. నిగనిగలాడు పెంకుగలది మిత్రము. శత్రుమిత్రులకు ఒక్కటే పేరున్నప్పుడు, చూచి తెలిసికొననివాడు ఇరువురిని చంపును.

ఈ మిత్రుని బలమెట్టిదో, దానిని పోగొట్టుకొన్న ఫలమెట్టిదో లోకము ఇదివరకే చూచినది. కాలిఫోర్నియా దేశపు నారింజతోటలు దూదివంటి పొలుసుపురుగుచే నాశనమగుచుండగా, 1888లో ఆల్బర్ట్ కోబెలీ యను శాస్త్రజ్ఞుడు ఆ పీడకు పుట్టినిల్లయిన ఆస్ట్రేలియాకు పోయి, దానిని తిను ఒక జాతి అక్షింతల పురుగును కనుగొని పంపెను. పంపినవి కొన్ని వందలే. రెండేండ్లు తిరుగకమునుపే తోటలు తేరుకొనెను. 1928లో ఆ పొలుసుపురుగే నీలగిరులలో కనబడగా, మనదేశమునకును ఈ కావలిపురుగును తెప్పించిరి. అయితే రెండవ ప్రపంచయుద్ధానంతరము కాలిఫోర్నియా తోటలలో డీ.డీ.టీ. చల్లనారంభించిరి. అక్షింతల పురుగులు చచ్చెను. అర్ధశతాబ్దికి మించి అణగియుండిన పీడ మరల విజృంభించెను.

దీనికి కారణము సులభగ్రాహ్యము. మందు చల్లినప్పుడు పైరును తిను పురుగును, దానిని తిను పురుగును రెండును చచ్చును. మిగిలిన కొలది పేనుబంక శీఘ్రముగ వృద్ధిపొందును. దానిని తినుదానికి ముందు ఆహారము దొరకవలెను, పిమ్మటనే సంతానము. కావున దొంగ ముందు వచ్చును, కావలివాడు వెనుక వచ్చును. ఆ నడుమ రైతు భీతిల్లి రెండవమారు దుకాణమునకు పరుగెత్తును. పెక్కు పల్లెలలో మందమ్మువాడే సలహాదారు, వాడే ఋణదాత. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ పత్తిని పాడుచేసినప్పుడును, 1997-98లో వరంగల్లు ప్రాంతమున పురుగు పత్తిని మట్టుపెట్టినప్పుడును, మందుమీద మందు చల్లి, అప్పుమీద అప్పుచేసి, ఎందరు రైతులు ప్రాణములు తీసికొనిరో ఆంధ్రదేశము మఱవరాదు.

ఒక్కని వివేకము ఇచట చాలదు. నాలుగు దిక్కుల మందు కురియుచుండగా, నీ చేని కావలివారు ఎచట బ్రతుకుదురు? చెఱువు నీటికి ఊరి కట్టుబాటున్నట్లే దీనికిని ఉండవలెను. ఇది అసాధ్యమనరాదు. పాల్వంచ మండలమున పత్తి అప్పులలో క్రుంగిన పునుకుల గ్రామము క్రమముగ మందులు మాని, మందుల వ్యాపారము తమ యూర వలదని పంచాయతీ తీర్మానము చేసికొన్నది. లింగాలఘనపురము మండలములోని ఏనబావి 2006 నాటికి రసాయనములను ఊరుమ్మడిగ విడిచినది. వారు చేసినది మనకేల సాధ్యము కాదు?

చట్టము అడ్డుపడునా యని కొందరు సందేహింతురు. 1968 నాటి కీటకనాశినుల చట్టము మనుష్యులకును పశువులకును కలుగు అపాయమును నివారించు నుద్దేశముతో పుట్టినది. అక్షింతల పురుగు ఆ యుద్దేశవాక్యమున లేదు. లైసెన్సుతో జరుగు అమ్మకమును గ్రామతీర్మానము రద్దుచేయజాలదు. కాని కొనితీరవలెనని రైతును నిర్బంధించు చట్టమేదియు లేదు. 1921లో విదేశవస్త్రమును బహిష్కరించినవారికి ఏ శాసనము అండ? కొనకుండుటకు జనులు ఏకమగుటయే వారి బలము. ఆ బలము నేటికిని మనయందే యున్నది.

ఈ పురుగు సర్వరోగనివారిణి యని మేమనుట లేదు. గులాబీరంగు పురుగు పత్తికాయలో దూరిన పిదప అక్షింతల పురుగు చేయగలది లేదు. వరిలో సుడిదోమను అణచుటలో సాలెపురుగులకును మిరిడ్ నల్లులకును పెద్ద పాలు గలదు. వానికిని మందే మృత్యువు. కావున ఒక్క పురుగును గాక, చేనిలోని కావలిబలగమునంతటిని కాపాడుకొనుట మన పని.

చేయవలసినది స్వల్పము. మందు కొట్టుటకు ముందు పది మొక్కల ఆకులు త్రిప్పి, మిత్రులెన్ని, శత్రువులెన్ని యని లెక్కింపుడు. పత్తిచేని చుట్టును జొన్న, నడుమ అలసంద వేయుడు. వానిపై చేరు పేనుబంక కావలివారికి తొలి గ్రాసమగును. అవసరమైనచో ముందుగా వేపగింజల కషాయమును వాడుడు. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము వారిని పిలిచి, మీ రైతువేదికలో పిల్లపురుగును ఎల్లరకు చూపింపుడు. వానకాలపు విత్తు పడకమునుపే గ్రామసభ కూడి, లెక్కింపక ఎవరును మందు చల్లరాదని తీర్మానింపుడు. కౌలుదారులను ఆ సభకు ముందుగా పిలువుడు. అప్పు భారము ముందుగా పడునది వారి మీదనే. వేతనమడుగని కావలివారు చేనిలో నున్నారు. వారిని చంపుటకు అప్పుచేయుట మానుటయే స్వావలంబనమునకు తొలిమెట్టు.